ఆదిబాబు కంపాస్

మా తమ్ముడు ఆదిబాబు తాగుబోతని పాలిటెక్నిక్‌లో ఏడాదిపాటు అందరూ నమ్మారు. వాడు చుక్క ముట్టి ఎరగడు. అలా నమ్మనిచ్చింది మా నాన్న పోలరాజే.

ఎనభై ఒకటిలో వాడికి మనసు బాగాలేక మూడు నెలలు రాంచీ మానసిక ఆసుపత్రిలో ఉంచి వైద్యం చేయించాం. నాన్నకు కారఖానా వాళ్లిచ్చిన గోల్‌మురి క్వార్టర్‌కు తిరిగొచ్చాడు కానీ, మాత్రల వల్ల చేతులు వణికేవి. నాన్నేమో కాలేజీలో కామెర్లని కాగితం ఇచ్చి వచ్చాడు. కామెర్లూ వణుకూ కలిస్తే తాగుడేనని అక్కడ తేల్చేశారు. గీతలు వంకరపోతుంటే డ్రాయింగ్ సారు క్లాసందరి ముందూ షీటు చింపి, "రాత్రి ఎంత పట్టించావురా?" అనేవాడు. ఆయన సంతకం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు.

"నిజం చెప్పేద్దాం నాన్నా," అన్నాను.

"నోరు మూసుకోయే కాంతం. తాగుబోతులు కారఖానా నిండా ఉన్నారు. రాంచీ ఎల్లొచ్చినోడని తెలిత్తే గేటు లోపలికి రానిత్తారేటి?"

నాకు ఒళ్లు మండింది. రేపటి ఉద్యోగం కోసం ఇవాళ కొడుకు నెత్తిన సారా కుండ పెట్టే తండ్రిని ఎక్కడైనా చూశారా? మర్నాడే ఆసుపత్రి కాగితాలు తీసుకెళ్లి సారు బల్ల మీద పడేశాను.

చదివాడు. ముఖం మెత్తబడింది. "అయ్యో, ముందే చెప్పాల్సింది," అన్నాడు హిందీలో. పాపం మంచివాడే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ సాయంత్రం తమ్ముడు బోర్డు ఒక్కటే పట్టుకుని ఇంటికొచ్చాడు. సారు వాణ్ణి తలుపు పక్కన ఒంటరిగా కూర్చోబెట్టి, మొన ఉంటుందని కంపాస్ లాగేసుకున్నాడట.

"తాగుబోతుగా ఉన్నన్నాళ్లూ కంపాసైనా ఉండేది. ఛోడ్ దో అక్కా," అన్నాడు వాడు గోడవైపు తిరిగి.

నాన్న గెలిచినట్టు నావైపు చూశాడు. ఇంకెలా వదులుతాను?

పొద్దున్నే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. వద్దంటూనే వచ్చాడు. స్టాఫ్ రూంలో నలుగురూ ఉండగా చెయ్యి చాపి, సారుకు అర్థమయ్యే హిందీలోనే అడిగాను.

"కంపాస్ ఇవ్వండి సార్. ఏడాదిపాటు మీ తిట్లు తిన్నా వీడు ఎవర్నీ గిచ్చనైనా గిచ్చలేదు. గుచ్చాలని ఇక్కడ నాకొక్కదానికే అనిపిస్తోంది. నాకు ఏ రోగమూ లేదు."

సారు సొరుగు తెరిచి కంపాస్ ఇచ్చాడు. పరీక్ష ఫారం ముందు పెట్టాను. సంతకం చేస్తుంటే ఆయన చెయ్యి వణికింది. ఆయన మాత్రలేమీ వేసుకోడనుకుంటాను.