ట్రంకు మీద చెయ్యి

ట్రంకు లింకు మీద మరొకరి చెయ్యి పడితే బాబాయికి ఒంటిమీద జెర్రులు పాకినట్టుండేది. ఆఫీసులో కంప్యూటర్లనీ ఫోన్లనీ కలిపే నెట్‌వర్కు స్విచ్చులన్నీ చూసే పెద్ద ఇంజనీరాయన. వయసుతో పనిలేకుండా అందరికీ బాబాయే.

ఆయన కింద పనిచేసే చిన్న ఇంజనీరమ్మకు అదే కడుపుమంట.

"అకౌంట్స్‌కొక వీలాన్, అంటే విడి దారి, గోడౌనుకొకటి, ఫోన్లకొకటి. వాటన్నిటినీ ఒకే తీగ మీద, దేని చీటీ దానికి తగిలించి, ఈ స్విచ్చి నుంచి ఆ స్విచ్చికి దాటించేదే ట్రంకు. ఇందులో బ్రహ్మవిద్యేముంది బాబాయిగారూ?"

"నువ్వు మామూలు పోర్టులు చూసుకో తల్లీ. ట్రంకు నాది."

"మీ పెళ్లిలో కట్నంగా పెట్టారా?"

"మీ పిన్నినే ముట్టుకోనివ్వను, నువ్వెంత!"

స్విచ్చుల గది ఊడ్చే ఆమె చీపురు ఆ తీగ దాకా వస్తే చాలు, "ఏయ్, అది నాది!" అంటూ ఎంగిలిచేత్తో పరుగెత్తేవాడు. కొత్త అంతస్తు తెరిచినప్పుడల్లా పైవాళ్లు "బాబాయి ట్రంకు పెట్టాడుగా, ఇక నిశ్చింత" అనేవారు. ఆ పూట చిన్న ఇంజనీరమ్మకు తిన్నది అరిగేది కాదు.

ఒక మధ్యాహ్నం బాబాయి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. గోడౌనులో బిగించిన కొత్త కెమెరాలు ట్రంకు మీదుగా రావాలి. ఆమె చేతులు దురదపెట్టాయి. ట్రంకు దాటనిచ్చే వీలాన్ల జాబితాకు కెమెరాలది 'చేర్చు' అనాలి. ఆ ఒక్క మాట మరిచి ఆర్డరు టైపు కొట్టేసింది. కెమెరాలొచ్చాయి, మిగతావన్నీ జాబితాలోంచి ఎగిరిపోయాయి. గోడౌను కంప్యూటర్లు, ఫోన్లు మూగబోయాయి. గేటు దగ్గర లారీలు బారులు తీరాయి.

బాబాయి వాచిన బుగ్గతో వచ్చేసరికి ఆమె గోళ్లు కొరుక్కుంటోంది. ఆయన తెర చూశాడు, ఆమెను చూశాడు, పోయినవన్నీ తిరిగి చేర్చాడు. గోడౌనుకు ప్రాణం వచ్చింది. అంతలో మేనేజరు ఊడిపడ్డాడు.

"ఎవరి నిర్వాకం ఇది?"

"నాదే. ట్రంకు ముట్టుకునేది నేనొక్కణ్ణే. ఎవర్నైనా అడగండి."

మేనేజరు తిట్లు లంకించుకున్నాడు. బాబాయి తలవంచుకుని వింటున్నాడు. ఆయన ఇన్నాళ్లూ 'నాది, నాది' అని అందరికీ వినపడేలా ఎందుకు అరిచాడో ఆమెకప్పుడు తట్టింది. ఏది చెడినా చీవాట్లు తనను దాటి కిందివాళ్ల దాకా రాకూడదని! ఆమె కళ్లు చెమర్చబోయాయి. కానీ పాత మంట ఊరుకుంటుందా? మెప్పులన్నీ ఆయనకే, చివరికి నా తిట్లు కూడానా!

"ఆగండి సార్! ఆ తప్పు నాది. ఆయన్నెందుకు తిడతారు?"

"ఊరుకో తల్లీ, నాది."

"మీదెలా అవుతుంది? కొట్టింది నేను!"

మేనేజరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ముందు మీరిద్దరూ తేల్చుకుని కబురు పెట్టండి," అని వెళ్లిపోయాడు.

బాబాయి కాసేపు మూతి ముడుచుకున్నాడు. "నా సర్వీసులో నా తిట్లు లాక్కున్నదానివి నువ్వొక్కదానివే," అని కుర్చీ ఆమె వైపు జరిపాడు. "కూర్చో. రెండో అంతస్తు ట్రంకు నువ్వే పెట్టు. నేను చూడను."

నిజంగానే చూడలేదు. గోడవైపు తిరిగి నిలబడి, ఆమె కొట్టే ప్రతి అక్షరానికీ ఉలిక్కిపడ్డాడు.