పసుపేసి కడిగిన స్పామ్‌విచ్

ఆ రోజుల్లో నాకు కుదురంటే ఏమిటో తెలీదు. లండన్ శివారు హౌన్స్‌లోలో ఐదుగురు అమ్మాయిలం ఒకే ఇంట్లో ఉంటూ చదువుకునేవాళ్లం. అందరికీ పార్ట్ టైమ్ ఉద్యోగం ఉంది, నాకు తప్ప. మేమంతా అక్కా అని పిలిచే రూమ్మేట్ ఒకామె జాలిపడి, తను పనిచేసే కెఫేలో నాకు మూడు రోజుల ట్రయల్ ఇప్పించింది. మూడో రోజు సాయంత్రం యజమాని గోడ మీది రోటాలో, అంటే డ్యూటీల పట్టికలో, నా పేరు రాస్తే ఉద్యోగం, లేకపోతే లేదు. ఆ రోజు పొద్దుటి నుంచీ కాలుకాలిన పిల్లిలా గోడకీ స్టవ్‌కీ మధ్య తిరుగుతూనే ఉన్నాను (తుడిచిన బల్లనే నాలుగుసార్లు తుడిచాను కూడా).

మధ్యాహ్నం యజమాని బయటికెళ్లిన సమయంలో, రోజూ వచ్చే బస్సు డ్రైవర్ పెద్దాయన స్పామ్‌విచ్ అడిగాడు. స్పామ్ అనే డబ్బా మాంసం పేరుకు శాండ్‌విచ్ తోక అతికించి అక్కడివాళ్లు ముద్దుగా పిలుచుకునే పేరది. ముందే ఉడికించి డబ్బాకెత్తిన పంది మాంసం కోసి, వేయించి, రెండు బ్రెడ్ ముక్కల మధ్య పెట్టడమే. నేను చికెన్, మటన్ తప్ప ఎరగను. మూత లాగితే గులాబీ రంగు దిమ్మ, చుట్టూ జిగురు. కంగారుపడి అక్కకు ఫోన్ చేశాను. క్లాసుకు పరిగెడుతోంది. డబ్బా సంగతి చెప్పకుండా, మాంసం ఎలా చేయాలని మాత్రం అడిగాను.

"ముందుగాల పసుపు, ఉప్పేసి మంచిగ కడుగు. కడగకుంట ఎట్ల వండుతవే? నా లాకర్ల పసుపున్నది సూడు," అని పెట్టేసింది.

కడిగాను. నీళ్లు తేటపడేదాకా మూడుసార్లు. సగం దిమ్మ చేతిలోంచి సింకులోకి జారిపోయింది. మిగిలింది పచ్చగా వేగింది. పెద్దాయన ఒక ముక్క కొరికి, బ్రెడ్ ఎత్తి చూసి, మళ్లీ మూసి, మొత్తం తినేశాడు. అప్పుడే వచ్చిన యజమాని పసుపు సింకు చూసి ఏం చేశావని అడిగాడు. మాంసం కడిగానన్నాను, కొంచెం గర్వంగానే. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం భయపడుతూ వెళ్లి చూస్తే రోటాలో నా పేరుంది. వారానికి మూడు రోజులు. ఎదురుగా, పని గడిలో 'సింకు' అని రాసి ఉంది.

ఇప్పుడు పెళ్లయి, ఇంగ్లండ్‌లోనే మిల్టన్ కీన్స్ అనే ఊళ్లో ఉంటున్నాం. మొన్న మా అమ్మాయి స్కూల్లో ఎవరో తింటుంటే చూసొచ్చి, తనకూ స్పామ్‌విచ్ కావాలంది. డబ్బా మూత లాగానో లేదో, నా చెయ్యి దానంతటదే ట్యాప్ తిప్పింది.

"మమ్, వై ఆర్ యూ వాషింగ్ ఇట్?" అంది.

గోడ మీద తన పేరు కోసం అల్లాడిన ఒక పిల్ల నా చేత కడిగిస్తోందని దానికెలా చెప్పను? నవ్వి, ఇంకోసారి కడిగాను. పసుపు మాత్రం వేయలేదు. వేసినా, చిటికెడే.