చప్పుడు ఆగితే లేచే మనిషి

మనిషి దేనిమీదైనా ధ్యాస పెట్టినప్పుడు మెదడులో ఏం జరుగుతుందో, బహుమతి ఉందంటే ఆ ధ్యాస ఇంకాస్త నిలుస్తుందో లేదో చూడటం నా ఉద్యోగం. కోరుట్లలో మావాళ్లకు ఇది సగమే అర్థమైంది. స్కానింగ్ సెంటర్‌లో కుదిరాడని చెప్పుకున్నారు. అదీ పూర్తిగా అబద్ధం కాదు. జగిత్యాలలో ఒక ప్రైవేటు సెంటర్‌వాళ్లు ఆదివారం మధ్యాహ్నాలు, పేషెంట్లు లేని వేళ, వాళ్ల ఎమ్మారై యంత్రాన్ని మాకు ఇచ్చేవారు.

ఇలాంటి పరిశోధనలు ఎక్కువగా కాలేజీ పిల్లల మీదే చేస్తారు. వాళ్లు దగ్గర్లో దొరుకుతారు, పడుకోమంటే పడుకుంటారు, కొందరు నిద్ర కూడా పోతారు. సిరిసిల్ల సాంచాల మీద పనిచేసేవాళ్లను తీసుకుందామన్నది నా ఆలోచన. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఒక్కో మనిషి నాలుగైదింటిని ఒకేసారి కనిపెట్టుకుని తిరుగుతుంటాడు. ధ్యాసే వాళ్ల కూలీ, ఇంతకన్నా అర్హులెవరని మా గైడ్‌తో వాదించాను. హైదరాబాద్‌లో ఉండే ఆయన, సరే, ముగ్గురిని చూడమన్నారు.

మొదటి ఇద్దరి చిత్రాలూ చెడిపోయాయి. తలలు కదిలాయి. లోపల తల కదిలితే మెదడు చిత్రం నడిచే బస్సులోంచి తీసిన ఫొటోలా వస్తుంది; చిత్రానికీ చిత్రానికీ నడుమ కదిలినా అవి ఒకదానితో ఒకటి కలవవు. మూడోది కూడా ఇంతే అయితే సిరిసిల్ల మాట వదిలేసి కాలేజీ పిల్లల దగ్గరికే వెళ్దామని గైడ్ మర్యాదగా చెప్పారు. ఆయన మర్యాదగా చెప్పిన మాట మళ్లీ మారదు.

మూడో ఆయన నడివయసు మనిషి. పొద్దున్నే సిరిసిల్లలో బయల్దేరి, కొడిమ్యాల మీదుగా వచ్చాడు. చేయాల్సింది చెప్పాను. తెర మీద గుర్తు మారగానే చేతిలోని బటన్ నొక్కాలి. కొన్ని వరుసలకు బహుమతి ఉంటుంది, కొన్నింటికి ఉండదు. బహుమతి ఒక స్టీలు టిఫిన్ క్యారియర్. లోపల చప్పుడు బాగా ఉంటుంది, భయపడొద్దన్నాను. ఆయన నావైపు జాలిగా చూశాడు.

యంత్రం మొదలైంది. మనిషి రాయిలా పడుకున్నాడు. బటన్ ఠంచనుగా పడుతోంది. టెక్నీషియన్ నాకేసి చూసి తలూపాడు. వరుస అయిపోయింది, యంత్రం ఆగింది. అంతే, కెమెరాలో ఆయన తల తిప్పి లేవబోవడం కనిపించింది. బయటికి లాగాం.

"ఏమైందన్నా? కదలొద్దని చెప్పినం గద."

"ఏం కాలే సార్. అది ఆగింది గద."

"ఆగితే?"

"పోగు తెగిందేమో అనుకున్న."

పోగు తెగితే సాంచ ఆగిపోతుంది. అంత హోరులోనూ తన సాంచ చప్పుడు తగ్గిందని పసిగట్టి పరుగెత్తడమే ఆయన పని. మనకు చప్పుడు గోల, ఆయనకు అది పని సాగుతోందన్న కబురు. మొదటి ఇద్దరి తలలూ ఎందుకు కదిలాయో అప్పుడు తెలిసింది. మేము ధ్యాస కోసం తెర మీద వెతుకుతుంటే, అది వరుసకూ వరుసకూ నడుమ, యంత్రం ఆగాక లేచి కూర్చుంటోంది. ఇంతకంటే మంచి వార్త ఉండదు. ఒక్క చిక్కేమిటంటే, దాన్ని చూపించడానికి నా దగ్గర ఒక్క చిత్రమూ లేదు.

ఇకమీద లేవనని ఆయన మాట ఇచ్చాడు. మాటైతే ఇచ్చాడు గానీ తల ఇవ్వలేదు. రెండోసారి యంత్రం ఆగగానే మళ్లీ అదే. తాను కదిలానని ఆయనకే తెలియదు.

అప్పుడు తట్టింది. ఆ రోజు ఆయన సాంచాలను కార్ఖానాలో తోటి పనివాడు, ఆయన జోడీదారు, చూసుకుంటున్నాడు. నంబరు అడిగి అతనికి ఫోన్ చేశాను.

"ఏందన్నా, వాని తలకాయల ఏమన్న దొరికిందా?"

"ఇంకా చూస్తున్నం."

"దొరికితే మాకు సుత చెప్పుండ్రి. మాకైతే ఎన్నడు దొరకలే."

సంగతి చెప్పి, ఫోన్ స్పీకర్ పెట్టి సాంచ పక్కన ఉంచమన్నాను. ఇక్కడ నా ఫోన్‌ను, లోపలి మనిషితో మాట్లాడే మైక్ దగ్గర పెట్టాను. టెక్నీషియన్ నన్ను అదోలా చూశాడు. తలను మళ్లీ సరిచేసి మొదటినుంచి మొదలుపెట్టాం. యంత్రం ఆగింది. నేను మైక్ నొక్కాను. సిరిసిల్ల సాంచ జగిత్యాలలో టకటకలాడింది. తల కదల్లేదు. తర్వాతి విరామంలోనూ కదల్లేదు. నేను కుర్చీలో కూర్చోలేకపోతున్నాను.

ఆఖరి విరామంలో, మైక్ నొక్కి ఉండగానే, సిరిసిల్లలో సాంచ ఆగిపోయింది. కెమెరాలో ఆయన మెడ బిగిసింది. అంతలో ఫోన్‌లోంచి జోడీదారు గొంతు వినిపించింది.

"కండె ఒడిసింది, పెడుతున్న. నువ్వు పండుకో."

పోగు తెగలేదు, నూలు చుట్టిన గొట్టం అయిపోయిందంతే. మెడ వదులైంది. సిరిసిల్లలో సాంచ ఇంకా మొదలవనేలేదు. ఫోన్‌లో మిగతా సాంచాల హోరే తప్ప దాని చప్పుడు లేదు. అయినా ఆయన కదల్లేదు. ఆయనకు కావలసింది చప్పుడు కాదు. ఎవరో ఒకరు చూసుకుంటున్నారన్న భరోసా. ఈ సంగతి మా ప్రయోగంలో ఎక్కడా లేదు. ఆ క్షణాన మేము తీస్తున్న చిత్రమూ ఏదీ లేదు, యంత్రం ఆగే ఉంది కదా. కానీ నేను చూశాను.

ఆఖరి వరుస కూడా శుభ్రంగా వచ్చింది. చిత్రాలు హైదరాబాద్‌కు పంపి, ఫోన్‌లో జరిగిందంతా చెప్పాను. మామూలుగా పది ప్రశ్నలు వేసే గైడ్ ఈసారి ఒక్కటే వేశారు. ముందు, ఆ నడిమి విరామాల్లో కూడా చిత్రాలు తీసే ఉపాయం ఆలోచించమన్నారు. ఆపైన, వచ్చే ఆదివారానికి సిరిసిల్ల నుంచి ఎవరిని తెస్తున్నావని అడిగారు.

కోరుట్ల బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. నేను నిలబడే వచ్చాను.