మేనమామ సీరు గాల్లో వచ్చిన రోజు

ఆ రోజుల్లో నా నోటికీ నా చేతికీ మధ్య దూరం తిరువళ్ళూరుకూ తిరుత్తణికీ ఉన్నంత ఉండేది. నోరు ఎక్స్‌ప్రెస్సులో ముందే పోయి దిగిపోయేది. చెయ్యి లోకల్ రైల్లో నిలబడి, ప్రతి స్టేషన్లోనూ ఆగుతూ, చెమటలు కక్కుకుంటూ వెనకాల వచ్చేది. ఇప్పుడు నడుము నొప్పీ కళ్ళజోడూ వచ్చాక రెండూ ఒకే పెట్టెలో ప్రయాణం చేస్తున్నాయిగానీ, ఇరవై నాలుగేళ్ళ వయసులో నేనన్న మాట విని నేనే ఉలిక్కిపడిన సందర్భాలు కొల్లలు. వాటిలో ఒక్క మాట మాత్రం నిజంగానే గాల్లోకి లేచింది. ఇది దాని సంగతి.

అప్పుడు నేను ఆవడిలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో కాంట్రాక్టు మనిషిని. నట్లను నట్ల డబ్బాలోనూ, బోల్టులను బోల్టుల డబ్బాలోనూ వేయడం నా పని. (ఊళ్ళో ఎవరైనా అడిగితే అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మిలిటరీ సంగతి, ఎక్కువ చెప్పగూడదు" అనేవాణ్ణి.) పట్టాభిరామ్‌లో ముగ్గురం కలిసి ఉండే గది. ఒకడు ఒళ్ళు విరుచుకోవాలంటే మిగతా ఇద్దరూ వీధిలోకి పోవాలి. అందుకే ఆదివారం వచ్చిందంటే తిరుత్తణి రైలెక్కి, కే.జీ.కండిగై దగ్గర నేతవాళ్ళ వీధిలో ఉన్న అక్కావాళ్ళింటికి పరిగెత్తేవాణ్ణి. మాదీ నేత కుటుంబమే. పదేళ్ళప్పుడు నన్ను గుంట మగ్గంలో కూర్చోబెట్టారు, పద్దెనిమిదేళ్ళప్పుడు ఆ గుంటలోంచి లేచి పారిపోయాను. మా బావ పారిపోలేదు. చెయ్యి నెమ్మది, నోరు కత్తెర, ఆ కత్తెరకు పదును పెట్టే సానరాయి నేను.

ఆ ఏడు అక్క కూతురికి మూడో సంవత్సరం వచ్చింది. తిరుత్తణి కొండ మీద గుండు, కొండ కింద మండపంలో చెవులు కుట్టడం అని నిర్ణయమైంది. మా వైపు చెవులు కుట్టడమంటే పేరుకే బిడ్డ వేడుక, అసలు పరీక్ష మేనమామకు. కమ్మలు మేనమామే తేవాలి. వాటితోపాటు బట్టలూ పళ్ళూ మిఠాయిలూ పళ్ళేల్లో పెట్టి, మేళంతో ఊరేగి రావాలి. దాన్ని అరవంలో తాయ్‌మామన్ సీరు అంటారు, మేమూ అదే అంటాం. అంతకుముందు నెలే ఎదురింటి పిల్లకు మేనమామ ట్రాక్టరు మీద సీరు తెచ్చాడు. వెనక వీధిలో ఒకాయన గుర్రబ్బండిలో తెచ్చాడు. (ఆ గుర్రం మండపం గుమ్మానికి కట్టిన అరటి చెట్టును గెలతో సహా మేసేసి, పెళ్ళికొడుకులా తలెత్తి నిలబడిందని చెప్పుకుంటారు.)

ఒక ఆదివారం భోజనాల దగ్గర బావ మజ్జిగ పోసుకుంటూ మొదలుపెట్టాడు.

"ఏం బామ్మర్దీ, మీ సీరు ఎట్ల వస్తాది? నడిచొస్తాదా, బస్సులో వస్తాదా?"

"ఇంకా అనుకోలా బావా."

"అనుకోల్లే. గృహప్రవేశానికి నువ్విచ్చిన ఫ్యాను ఇంతవరకూ తిరగలా. సీరు గూడ అట్లనే పైన యాలాడదీసి, కింద కూసోని చూస్తా ఉండల్లనేమో అని అడిగినా."

అక్క నవ్వింది. అదే నా కొంప ముంచింది. బావ నవ్వితే ఓర్చుకోగలను, సొంత అక్క అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె కింద పెట్టి మరీ నవ్వితే ఏ తమ్ముడు ఓర్చుకుంటాడు? నోరు ఎక్స్‌ప్రెస్సు ఎక్కేసింది.

"మా సీరు హెలికాప్టర్లో వస్తాది."

"ఏంది?"

"హెలికాప్టర్లో. పైనించి కమ్మలు దిగతాయి. నువ్వు నోరు తెర్సుకోని చూస్తావు."

బావ మజ్జిగ తాగడం పూర్తిచేసి, మూతి తుడుచుకుని, చాలా మర్యాదగా అన్నాడు. "సరి. దిగితే, నా జన్మలో నిన్ను ఎగతాళి చెయ్యను. దిగకుంటే, నువ్వొచ్చి నా మగ్గం గుంటలో కూసోని ఒక చీర మొదలు నుంచి కొస దాకా నేసి పోవల్ల."

ఆ గుంట నన్ను చూసి ఆవులించినట్టయింది. అయినా సరేనన్నాను. సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది. రైల్వేస్టేషన్లో టీ పోసే ఆయన కూడా, "తంబీ, యాడ దించుతావు, కొండ మీదా కిందా?" అని అడిగాడు.

మరుసటి శనివారం తిరువళ్ళూరు బజారులో ఒక బొమ్మల అంగడికి పోయి, రిమోటుతో ఎగిరే హెలికాప్టరు కావాలన్నాను. అంగడాయన వక్కాకు నములుతూ, "కొళందైక్కి ఎన్న వయసు?" అని అరవంలో అడిగాడు, బిడ్డ వయసెంత అని. "ఇరవై నాలుగు," అన్నాను. ఆయన నమలడం ఆపి నన్ను కింది నుంచి పైకి చూసి, ఇంకేమీ అడగకుండా మూడు పెట్టెలు దించాడు. మొదటిది మూరెడు పొడుగు, ఒకే రెక్క, కళ్ళు చెదిరే ఎరుపు. చెయ్యి చాపాను. ఆయన పెట్టె వెనక్కి లాక్కున్నాడు. "ఇది నేర్చినవాళ్ళకి. నీకిస్తే సాయంత్రానికి ముక్కలు సంచిలో తెచ్చి నాతో కొట్లాడతావు." రెండోది అరచేతిలో పట్టేంత, దగ్గితే ఎగిరిపోయేలా ఉంది. మూడోది జానెడు. దాని నెత్తిన ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలు. పైది ఒకవైపు తిరిగితే కిందిది ఇంకోవైపు తిరుగుతుందట, అందుకే బండి తనచుట్టూ తాను బొంగరంలా తిరగకుండా నిలబడుతుందట. "మొగుడూ పెళ్ళాం మాదిరి తంబీ, ఒకరు లాగినదాన్ని ఒకరు ఆపతారు. కొత్తగా నేర్చుకునేవాడికి ఇదే." ఆపైన మూడు నియమాలు చెప్పాడు. ఎండలో ఎగరేస్తే రిమోటు మాట దానికి వినబడదు, గాలిలో ఎగరేయకూడదు, మనుషుల తలల మీద ఎగరేయకూడదు. ముక్కాలు గంట ఛార్జి పెడితే ఏడు నిమిషాల ఆట. "బరువు ఎంత మోస్తాది?" అని అడిగాను. "దాని బరువు అది మోస్తే చాలదా?" అన్నాడు.

ఆ ఆదివారం అక్కావాళ్ళ నట్టింట్లో తలుపులన్నీ మూసి నా వైమానిక శిక్షణ మొదలైంది. ఎడమ పుల్ల పైకి నెడితే లేస్తుంది, కుడి పుల్లతో ముందుకూ వెనక్కూ పక్కలకూ పోతుంది. చదివితే ఇంతే. నేను ఎడమ పుల్లను ఒక్కసారిగా నెట్టాను. హెలికాప్టరు రాకెట్టులా లేచి, దూలానికి తలబాదుకుని, సరిగ్గా గురిచూసి కొట్టినట్టు అక్క ఇడ్లీపిండి గిన్నెలో పడింది. (ఆ రోజు ఇడ్లీలు కొంచెం పొంగినాయని నేను చెప్పాను, ఎవరూ ఒప్పుకోలేదు.)

అసలు తిప్పలు నా చేతులతో వచ్చాయి. ఎనిమిదేళ్ళు మగ్గం మీద పెరిగిన చేతులవి. మగ్గంలో తాడును ఝటక్కున లాగాలి, అప్పుడే పోగును మోసే నాడె ఈ కొసనుంచి ఆ కొసకు పరిగెత్తుతుంది. మెల్లగా లాగితే నడిమధ్యలో ఆగి కూర్చుంటుంది. రిమోటు పట్టుకోగానే చేతులకు అదే గుర్తొచ్చింది. ఝటక్ కుడికి, ఝటక్ ఎడమకు. హెలికాప్టరు నాడెలాగే ఈ గోడకూ ఆ గోడకూ మధ్య పరుగులు పెట్టింది. అది చాలదన్నట్టు నా కుడికాలు గచ్చు మీద తొక్కుడు కర్ర కోసం వెతుక్కుంటూ టకటకా కొట్టుకుంది. గుమ్మంలో నిలబడి చూస్తున్న బావ చాలాసేపు ఓర్చుకుని అడిగాడు.

"బామ్మర్దీ, చీర ఎన్ని మూరలయింది?"

"నువ్వు పోయి నీ పని చూసుకో బావా."

"లాగేది కాదబ్బా అది. తెగిన పోగు ముడేసేటప్పుడు ఎట్ల పట్టుకుంటావు? ఊపిరి గూడ గట్టిగా ఇడవకుండా. అట్ల పట్టుకోవల్ల."

"హెలికాప్టర్ సంగతి నువ్వు నాకు చెప్తావా? నేను యాడ పనిచేస్తా ఉండానో తెలుసా?"

"తెలుసులే. నట్ల డబ్బా కాడ."

బావ లోపలికి పోయాక మాత్రం దొంగతనంగా అలాగే పట్టుకుని చూశాను. బొటనవేలు వెంట్రుకవాసి కదిపితే అది జానెడు లేచి, రెండు లెక్కపెట్టేంతసేపు గాల్లో నిలబడింది. నాకు కళ్ళు చెమర్చాయి. తనంతట తాను పక్కకు తిరిగిపోతుంటే, రిమోటు మీద చిన్న గుండీని కొద్దిగా తిప్పి సరిచేయాలని రెండో ఆదివారం తెలిసింది. అదే రోజు తలుపు అంచుకు తగిలి తోక విరిగింది. దాన్ని కిటికీలో పడేసి, మగ్గం గుంటను తలుచుకుంటూ రైలెక్కాను.

మూడో ఆదివారం వచ్చి చూస్తే తోక అతుక్కుని ఉంది. పట్టుపోగుతో చుట్లు చుట్లుగా, ఒక చుట్టు పక్కన ఇంకో చుట్టు ఆనుకుని, ముడి ఎక్కడుందో కనబడకుండా కట్టి ఉంది. పోయిన వారమే నేను కొత్త బ్యాటరీలు వేసిన రిమోటు కూడా నీరసంగా ఉంది. "అక్కా, నువ్వా కట్టినావు?" అంటే, "నాకింక వేరే పనిలేదా?" అంటూ మగ్గం వైపు చూసి నవ్వింది. మిలిటరీ రహస్యాలు కాపాడే నా బుర్రకు ఏమీ తట్టలేదు. నాలుగో ఆదివారానికి ఒక చింతగింజను కట్టి ఎగరేయగలిగాను. రెండు కడితే లేవలేదు. కమ్మలు రెండూ కలిపి చింతగింజకన్నా తేలిక. ఇంక నాకు ఎదురేముంది?

చెవులు కుట్టే రోజు ఉదయం మండపం నిండా చుట్టాలు. వచ్చినవాళ్ళలో సగం మంది బిడ్డను చూడ్డానికి, సగం మంది నేను పడే తీరు చూడ్డానికి. నేను కుర్చీ ఎక్కి, "ఫ్యాన్లన్నీ ఆపండి!" అని ఆజ్ఞ వేశాను. తిరుత్తణి ఎండకు క్షణంలో మండపం ఇడ్లీపాత్ర అయింది. "ఏం నాయినా, బిడ్డకు చెవులు కుట్టేదా, మమ్మల్ని ఉడకబెట్టేదా?" అని ఒక ముసలమ్మ విసనకర్రతో నన్నే కొట్టేలా విసురుకుంది. వాకిలి దగ్గర బల్ల మీద హెలికాప్టరు, దాని కాళ్ళకింద పోగుతో కట్టిన పట్టుగుడ్డ పేలికలో కమ్మలు. అక్కడి నుంచి లేచి, అందరి తలల మీదుగా (మూడో నియమం గోవిందా) వచ్చి, చెవులు కుట్టే కంసాలి ఆచారి ముందున్న ఇత్తడి పళ్ళెంలో దిగాలి. రిమోటు చేతిలోకి తీసుకుని ఊపిరి బిగబట్టాను. అప్పుడు ఆచారి కేక వినబడింది.

"తాయ్‌మామన్ యాడ? రాప్పా, పీట మీద కూసో. బిడ్డను ఒళ్ళో పెట్టుకో."

చెవులు కుట్టేటప్పుడు బిడ్డ మేనమామ ఒళ్ళో కూర్చుంటుంది. ఇది మా వీధిలో పాలు తాగే పసివాడికి కూడా తెలుసు. రెక్కలూ బ్యాటరీలూ చింతగింజలూ ఫ్యాన్లూ అన్నీ ఆలోచించిన నేను, నెల రోజుల్లో ఒక్కసారి కూడా ఇది ఆలోచించలేదు. బిడ్డ తల పట్టుకోవడానికి రెండు చేతులు, రిమోటుకు రెండు చేతులు. వెతుక్కుంటే నా దగ్గర మొత్తం రెండే ఉన్నాయి.

"ఒక్క నిమిషం ఆచారీ, ముందు హెలికాప్టరు దించి..."

"మూర్తం పోతాది. కూసో."

కూర్చున్నాను. గుండు నిండా గంధం పూసిన బిడ్డను ఒళ్ళో పెట్టారు. ఆ గుండు చేపపిల్లలా చేతుల్లోంచి జారిపోతోంది. రిమోటు నా మోకాలి పక్కన పడి ఉంది. "ఎవురన్నా పోయి ఆ కమ్మలు చేత్తో ఎత్తుకోని రాండబ్బా," అని విసనకర్ర ముసలమ్మ తీర్పు చెప్పేసింది. చేత్తో! ట్రాక్టరు మేనమామ మూడో వరసలో కూర్చుని మీసం దువ్వుకుంటున్నాడు. నాకు మగ్గం గుంటా, అందులో నా నెత్తీ స్పష్టంగా కనబడ్డాయి.

బావ లేచి వచ్చాడు. పంచెకు చేతులు తుడుచుకుని, వంగి, రిమోటు తీసుకున్నాడు.

"గుండు గట్టిగా పట్టుకో. నేను చూస్తా."

"బావా, నీకు..."

"మాట్లాడొద్దు. బిడ్డ కదలతాది."

ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా విన్నదే. ఎందుకంటే ఆచారి నా తలను కిందికి నొక్కి, "బిడ్డ చెవిని తప్ప దేన్నీ చూడొద్దు," అన్నాడు. బిడ్డ నెత్తికి గడ్డం ఆనించి, చెవి తమ్మెనే చూస్తూ కూర్చున్నాను. దూరంగా తుమ్మెద మోత మొదలైంది. అది నా చేతుల్లో ఎప్పుడూ అంత నిలకడగా మోగలేదు. జనం "హో" అన్నారు. ముసలమ్మ "మురుగా!" అంది. మెడ మీద చల్లటి గాలి తగిలింది, ఇత్తడి పళ్ళెం టింగుమంది. ఆచారి పోగు తెంపి కమ్మలు తీసుకున్నాడు. తర్వాత బావ దాన్ని మళ్ళీ లేపి బిడ్డ కళ్ళెదుట నిలబెట్టాడంట. బిడ్డ నోరు తెరుచుకుని చూస్తూ మొదటి చెవికి ఏడవడమే మరిచిపోయిందంట. రెండో చెవి పూర్తవుతుండగా బ్యాటరీ అయిపోయి అది పళ్ళెంలో కూలబడింది. అప్పుడు అందుకున్న ఏడుపు మాత్రం నేను స్వయంగా విన్నాను, ఆవడి దాకా వినబడి ఉంటుంది.

భోజనాల దగ్గర పట్టుకుని అడిగాను. "ఎప్పుడు నేర్చుకున్నావు బావా?"

"నువ్వొచ్చేది ఆదివారం. మిగతా ఆరు దినాలు అది ఉండేది నా ఇంట్లో."

"మగ్గం ఆపేసి మరీ ఆడినాడు," అంది అక్క.

"పందెం?"

"సీరు దిగిందా లేదా?"

"దిగింది."

"ఇంకేంది? నువ్వు గెలిచినావు," అని ఆకులో అన్నం కలుపుకున్నాడు. గమ్మున కూర్చుని ఉంటే ఒక చీర ఊరికే వచ్చేది ఆయనకు. జన్మలో ఎగతాళి చెయ్యనన్న మాటను కూడా నిలబెట్టుకున్నాడు, రసం వడ్డించేదాకా.

ఆ బిడ్డ ఇప్పుడు తిరువళ్ళూరులో కాలేజీకి పోతోంది. హెలికాప్టరు మగ్గం పైనున్న అలమరలో ఉంది. అక్కావాళ్ళింట్లో ఆ రోజు ఫోటో ఒకటి ఉంది. మండపం నిండా మనుషులు, అందరి గడ్డాలూ పైకే, అందరి నోళ్ళూ తెరుచుకునే, ట్రాక్టరు మేనమామది మరీ. నడిమధ్యలో ఒక్క తల మాత్రం కిందికి వంగి ఉంది. నిండా జుట్టున్న తల. (ఇప్పుడైతే బిడ్డ గుండేదో నాదేదో చెప్పడం కష్టమయ్యేది.) ఊరంతటినీ తలెత్తి చూసేలా చేసి, తాను మాత్రం చూడకుండా కూర్చున్న ఆ కుర్రాణ్ణి చూస్తే నాకు నవ్వూ వస్తుంది, వాడి భుజం తట్టాలనీ అనిపిస్తుంది. నట్టును ఫిరంగిగుండు చేసి చెప్పగలిగే నాకు, నా జీవితంలో అతి పెద్ద సంగతిని పెంచి చెప్పడానికి కూడా బావ మాటే ఆధారం.

పోయిన ఆదివారం మళ్ళీ అడిగాను. "నిజం చెప్పు బావా, ఎంత ఎత్తులో వచ్చింది?"

మగ్గం ఆగలేదు. "నువ్వు చూడలా?"

"యాడ చూస్తి? బిడ్డ తల పట్టుకోని ఉంటి గదా."

తెగిన పోగొకటి వేళ్ళ మధ్య పట్టుకుని, ఊపిరి బిగబట్టి ముడి వేసి, అప్పుడు అన్నాడు. "అయితే కొండంత ఎత్తులో వచ్చింది. రాసుకో."

రాసుకున్నాను.