ఎడమ మూలలో నీలం తలుపు

ఆఫీసులో ఎవరో తలకు నూనె రాసుకొచ్చి నా మౌస్ వాడినట్టున్నారు. పొద్దున చేయి పెట్టగానే వేళ్లకు జిడ్డు తగిలింది, కొబ్బరినూనె వాసన వచ్చింది. తుడవబోయి ఆగిపోయాను. కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతిసారీ రెండు చేతులతో జుట్టు అదుముకుని, ఆ తర్వాతే మౌస్ పట్టుకునేది ఓబులక్క. ఫోటోలోని అమ్మ ముందుకైనా చెదిరిన తలతో వెళ్లకూడదని ఆమె పట్టుదల.

ఓబులక్కది ఆళ్లగడ్డ. వయసు ముప్పై దాటినా అక్షరాలు పట్టుబడలేదు. ఏ కొత్త సంగతైనా తలకెక్కడానికి చాలా రోజులు పట్టేది. నంద్యాలలో అలాంటి ఆడవాళ్ల కోసం నడిపే హాస్టల్లో ఉండేది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, కంప్యూటర్ కోర్సు ముగించిన నన్ను అక్కడి శారద టీచర్ పిలిచి వెబ్‌సైట్ చేయమన్నారు. ఊళ్లలోని కుటుంబాల ఫోటోలు అందులో ఉండాలి. హాస్టల్లోని వాళ్లు ఎవరి సాయమూ లేకుండా తెరిచి చూసుకోవాలి. ఓబులక్కకు కావలసిందీ అదే. అమ్మ ఫోటో చూపించమని రోజూ ఎవరో ఒకరిని బతిమాలడం, "ఇప్పుడే గదా చూసినావు" అనిపించుకోవడం ఆమెకు మామూలైపోయింది.

నలుగురిలో నోరు విప్పలేని నేను, తెర మీద మాత్రం నా తెలివంతా ఒలకబోశాను. కదిలే అక్షరాలు, మెనూల కింద మెనూలు, ఇంటివాళ్ల ఫోటోలకు దారిగా పెంకుల కప్పు ఇంటి బొమ్మ. ఓబులక్కకు చూపించే రోజున శారద టీచర్ ఒక్కటే షరతు పెట్టారు.

"చేతులు వెనక్కి పెట్టుకో పాపా. చూపియ్యొద్దు, చెప్పొద్దు. ఊరికే చూడు."

ఓబులక్క చాలాసేపు ఆ ఇంటి బొమ్మనే చూసింది. నొక్కలేదు. వెనకాల నా వేళ్లు మెలికలు తిరిగాయి. ఉండబట్టలేక, "నొక్కవేమక్కా?" అన్నాను.

"ఎవురి ఇల్లోమే ఇది! పిలవకుండా ఎట్ల పోతారు?" అని కసిరింది. "మాది మిద్దె. తలుపు నీలంది."

ఆ రోజు డైరీలో ఆమె మాటలే రాసుకున్నాను. ఆ వారమే బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లి, నాపరాతి మెట్టు మీద, నీలం తలుపు ముందు నిలబడ్డ వాళ్లమ్మను ఫోటో తీసుకొచ్చాను. మెనూలన్నీ తీసేశాను. పేజీకి నాలుగే పెద్ద ఫోటోలు. ఎవరి పేజీల్లో వాళ్ల ఇంటి తలుపు బొమ్మ, ఎప్పుడూ ఎడమవైపు పైమూలలోనే; నొక్కితే ఇంటివాళ్లు కనిపిస్తారు. ఓబులక్క తెర మీది తలుపును వేలితో తట్టి, అప్పుడు మౌస్ నొక్కింది.

"అమ్మా, వచ్చినా!" అని, నావైపు తిరిగింది. "నువ్వేందిమే ఏడుస్తాండావ్? మా అమ్మ గదా!"

ఏడాది తిరక్కుండా నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. వెళ్లేముందు కానుకగా సైటుకు కొత్త రూపు ఇచ్చాను. పొందికగా ఉంటుందని తలుపులను చిన్నవి చేసి కుడివైపు కిందికి దించాను. ప్రయాణం తొందరలో ఎవరినీ కూర్చోబెట్టి చూడలేదు.

నేను వెళ్లిన కొన్నాళ్లకే వాళ్లమ్మ చనిపోయింది. కబురు తెలిసి హాస్టలుకు వచ్చిన నాకు వరండాలోనే టీచర్ చెప్పారు.

"కర్మంతరం అయినాక ఊరినుంచి వచ్చి, నేరుగా కంప్యూటర్ కాడికే పోయింది. ఎడమ మూలే నొక్కుతాంది, నొక్కుతాంది. 'అమ్మ ఈడ గూడా లేదా' అనింది. మేము తెరిచి చూపిస్తామన్నా వద్దని లేసిపోయింది."

టీచర్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తలుపును మళ్లీ పాత చోట పెట్టి ఓబులక్కను పిలిచాను. వచ్చి కూర్చుంది. జుట్టు అదుముకుంది. మౌస్ వైపు కాసేపు చూసి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నువ్వే తెరువుమే," అంది. "నేను చూస్తా."

తెరిచాను. ఆ తర్వాత నేను వెళ్లినప్పుడల్లా అంతే. ఆమె చేయి మళ్లీ మౌస్ మీదికి రాలేదు.

ఇప్పటికీ ఈ వెబ్‌సైట్ల పనే చేస్తున్నాను. పేజీలో ఏది కదిలించాలన్నా, వాడేవాళ్లను ముందు కూర్చోబెట్టి నా చేతులు వెనక్కి పెట్టుకుంటాను. ఆఫీసులో నవ్వుతారు. వాడేవాళ్లు తెర మీద వెతుక్కుంటున్నంతసేపూ వెనకాల నా వేళ్లు మెలికలు తిరుగుతూనే ఉంటాయి.