చెంగు పట్టుకున్న చెయ్యి

మా ఆయనకు పక్షవాతం వచ్చి తగ్గాక ఎడమ చేతి వేళ్ళు సరిగ్గా వంగలేదు. ఏడాదిగా గిటార్ అల్మరా పైనే ఉంది. మొన్న శనివారం పొద్దున, ఊరి కౌన్సిల్ వాళ్ళు పాత సామాను తీసుకెళ్ళే వారం కదా అని, గిటార్‌కి తగిలించే ఆంప్లిఫయర్ పెట్టెని కూడా ఒంటి చేత్తో రోడ్డు పక్క గడ్డి మీదికి ఈడ్చేశారు.

"గుర్రుమనడం తప్ప దాంట్లో ఇంకేం లేదు. లీవ్ ఇట్," అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. దేశం దాటి ఈ కానింగ్ వేల్ వచ్చిన కొత్తలో, ఇంట్లో మంచం కూడా లేని రోజుల్లో, ఆ పెట్టె పక్కన నేల మీద కూర్చుని ఆయన వాయించింది విన్నదాన్ని. మళ్ళీ గరాజ్‌లోకి లాక్కొచ్చాను.

వెనక చెక్క విప్పగానే మైనం, దుమ్ము కలిసిన వాసన. తెనాలిలో మా నాన్న రేడియో షాపు వాసన అది. నాన్న ఏనాడూ కెపాసిటర్ అనలేదు, కండెన్సర్ అనే అనేవారు. ప్లగ్గు పీకేసినా అందులో కరెంటు దాక్కుని ఉంటుందనీ, రెండు చేతులూ పెడితే షాకు గుండె మీదుగా పోతుందనీ, ఒక చెయ్యి జేబులో పెట్టుకోమనీ పనివాళ్ళకు చెప్పేవారు. నేనూ పని నేర్చుకుంటానంటే, నా లంగా ఓణీకి జేబెక్కడిది? కాసేపు బుర్ర గోక్కుని, "చెంగు వెనక్కి పట్టుకో. వదిలావో, వీపు విమానం మోతే," అన్నారు. చెంగు పట్టుకుని రిపేరు చేసే పిల్లను చూడ్డానికి కొందరు బాగున్న రేడియోలు కూడా తెచ్చేవారు. నాకెంత గర్వమో!

పాత కండెన్సర్లలో మిగిలిన కరెంటు దించి, మీటరు పెట్టి చూస్తుంటే మా ఆయన టీ తెచ్చారు.

"వీపు వెనక ఏం దాస్తున్నావ్?"

చూసుకుంటే, జీన్స్‌కి నాలుగు జేబులున్నా నా ఎడమ చెయ్యి టీషర్టు అంచును వెనక పిడికిట పట్టుకుని ఉంది. సంగతి చెబితే పగలబడి నవ్వారు. ఆయన అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. నాకు మాత్రం నాన్న మీద బెంగతో ఏడుపొచ్చింది.

మీటరు సున్నా చూపాక పొట్టలుబ్బినవి ఊడదీసి, ప్లస్సూ మైనస్సూ రెండుసార్లు చూసుకుని కొనితెచ్చిన కొత్తవి అతికాను. స్విచ్ వేస్తే ఆ పాత గుర్రు కొంచెం కూడా లేదు.

"ఆన్ అయ్యిందా?"

"అయ్యింది. గిటార్ తెస్తాను."

"ఈ ఫింగర్స్‌తోనా? వద్దు. ఎవరికైనా ఇచ్చేద్దాం."

"మీరు వాయించకపోతే నేనిది ఎవరికోసం బాగుచేసినట్టు?" అని అరిచేశాను. గిటార్ తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను.

కుడిచేత్తో మీటారు. ఎడమ వేళ్ళు తీగ మీద నిలవక జారిపోయాయి. మళ్ళీ ప్రయత్నించి మొహం పక్కకు తిప్పుకున్నారు. నేను పక్కన కూర్చుని తీగ మీద నా వేలు పెట్టాను.

"ఎక్కడ నొక్కాలో చెప్పండి."

ఆయన మళ్ళీ ఇటు తిరిగి నా వేలి వంక చూశారు. తర్వాత, "అక్కడ కాదు, రెండో మెట్టు. ఇంకా గట్టిగా," అన్నారు.

మీటారు. గరాజ్ అంతా మోగింది. తీగ వేలిని కోసేస్తోంది.

"వదలకు," అన్నారాయన.