గట్టు మీద ఆఫీసు

మా మావయ్యగారు పోయేరన్న కబురు నాకు మీటింగులో ఉండగా తెలిసింది. పొద్దున్న పదకొండు దాటింది. అత్తయ్యగారు తలుపు కొట్టేరు. నేను పనిలో ఉండగా ఆ ఇంట్లో ఎవరూ తలుపు కొట్టరు, అది మావయ్యగారు పెట్టిన కట్టుబాటు. అందుకని చప్పుడు వినగానే సగం అర్థమైపోయింది. తోటలో కొబ్బరికాయలు దింపిస్తూ కూలబడ్డారట. రాజోలు ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. నేను లాప్‌టాప్‌లో ‘పది నిమిషాల్లో వస్తాను’ అని టైపు చేసి లేచేను. అలా ఎందుకు రాసేనో ఇప్పటికీ తెలీదు. మళ్ళీ ఆ కుర్చీలో కూచోడానికి రెండు వారాలు పట్టింది.

ఆయన గురించి రాయడానికి నిజానికి నాకు అర్హత తక్కువండి. పెళ్ళై తొమ్మిదేళ్ళు, అందులో అయిదేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం. ఆయన నాతో నేరుగా అన్న మాటలు మాత్రం రెండో మూడో. పోట్లాటేం కాదు. మా అత్తవారింట్లో కోడలు మావగారి ఎదట కూచోదు, ఆయనతో ముఖాముఖీ మాట్లాడదు. ఈ రోజుల్లో కూడానా అని మీరు నవ్వుకోవచ్చు. కొత్తల్లో నేనూ నవ్వుకున్నాను, తర్వాత అలవాటైపోయింది. వసారాలోకి వచ్చే ముందు ఆయన దగ్గేవారు, నేను లోపలికి వెళ్ళేదాన్ని. అత్తయ్యగారు ఇంట్లో లేకపోతే గోడతో చెప్పుకునేవారు: “కాసిని మంచినీళ్ళుంటే బాగుండును.” నేను చెంబు గుమ్మంలో పెట్టి తప్పుకునేదాన్ని.

మా ఆయన కువైట్‌లో ఉంటారు. నాది హైదరాబాదులో ఉద్యోగం. కరోనా వచ్చి ఆఫీసు మూసేసి ఇంటి నుంచే పని చెయ్యమనేసరికి, రెండేళ్ళ పాపని చంకనేసుకుని అత్తారింటికి వచ్చేసేను. మావయ్యగారికి నా ఉద్యోగం ఎంతకీ మింగుడుపడలేదు. కోడలు తలుపేసుకుని ఎవరితోనో ఇంగ్లీషులో నవ్వడమేమిటని అత్తయ్యగారిని అడిగేరు. నాకు వినపడేలాగే అడిగేరు లెండి. నాకూ ఒళ్ళు మండింది, కానీ ఎవరితో అనను?

రెండోసారి కరోనా వచ్చినప్పుడు అత్తయ్యగారికి తగులుకుంది. పద్నాలుగు రోజులు వెనక గదిలో ఉంచేం. ఇంట్లో మాటలు అటూ ఇటూ మోసే మనిషే లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడు మావయ్యగారు పెరట్లో ఆ గది కిటికీ దగ్గర నిలబడి, “ఇవాళ కూరేమిటో కనుక్కో” అనేవారు. నేను నాలుగడుగుల్లో వంటింటి గుమ్మంలోనే ఉండేదాన్ని. “బీరకాయండీ అత్తయ్యగారూ” అని నేనూ కిటికీకే చెప్పేదాన్ని. లోపల్నించి ఆవిడ దగ్గుతూ, “బీరకాయట” అని అరిచేవారు. చివరికి ఆవిడకే విసుగొచ్చి, మీ ఇద్దరి మాటలూ మోయడానికి నాకు ఊపిరి చాలట్లేదు, నన్ను పడుకోనివ్వండని కసిరేరు. అయినా మేం మారలేదు.

తర్వాత అన్నీ తెరిచేరు. మా ఆఫీసూ తెరిచేరు, అందర్నీ రమ్మన్నారు. పాప చిన్నదని బతిమాలి ఇంకో ఏడాది గడువు తెచ్చుకున్నాను. షరతు ఒకటే: నెట్టు లేదనీ కరెంటు లేదనీ ఒక్క మీటింగు తప్పినా హైదరాబాదు వచ్చెయ్యాలి. వెళ్తే పాపని ఇక్కడ వదిలి హాస్టల్లో ఉండాలి, లేకపోతే ఉద్యోగం మానుకోవాలి. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడే జిల్లా పేరు మార్చడం మీద అమలాపురంలో గొడవలు. తగలబెట్టడాలు, లాఠీలు, నూట నలభైనాలుగు సెక్షను, బస్సులు బందు. జిల్లా అంతా నెట్టు ఆపేసేరు. ఎన్నాళ్ళో ఎవరూ చెప్పలేదు. మావయ్యగారు రోజూ సెంటర్లో టీ తాగి, పేపరు చదివి, గంటకి గానీ తిరిగొచ్చేవారు కాదు. నెట్టు ఆగిన మర్నాడు పొద్దున్న పది నిమిషాల్లో వచ్చేసేరు. చిన్నప్పట్నించీ ఒకే బల్ల మీద కూచున్న వాళ్ళు ఇవాళ విడివిడిగా కూచున్నారనీ, కరోనా అప్పుడైనా ఇంత దూరం కూచోలేదనీ అత్తయ్యగారితో చెప్పి తోటకి వెళ్ళిపోయేరు.

మా తోట ఏటిగట్టుని ఆనుకుని ఉంటుంది. గోదావరి దాటితే వేరే జిల్లా. ఆయన గట్టెక్కేసరికి జేబులో ఫోను ఆపకుండా మోగిందట. రాత్రి నుంచి ఆగిపోయిన శుభోదయాలూ దేవుడి బొమ్మలూ అన్నీ ఒక్కసారి దిగేయి. అవతలి ఒడ్డు టవరు గట్టు దాకా అందుతోందన్నమాట. ఆయన ఎండలో పడి ఇంటికొచ్చి, దగ్గడం కూడా మర్చిపోయి, “గట్టు మీద ఫోను మోగుతోందని అమ్మాయికి చెప్పవే” అన్నారు.

ఆటోలు లేవు. నాకు బండి రాదు. ఆయన మోపెడ్డు బయటికి తీసేరు. కోడలు మావగారి వెనకాల బండెక్కడమా! అత్తయ్యగారు గుమ్మంలో నిలబడిపోయి, నలుగురూ ఏమనుకుంటారండీ అన్నారు.

“నలుగురూ ఒకచోట చేరకూడదు కదే, నూట నలభైనాలుగుంది” అన్నారాయన.

మధ్యలో లాప్‌టాప్ బ్యాగు పెట్టుకుని ఎక్కేను. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ముందు తాడేసి కట్టేరు. సెంటర్లో పోలీసులు ఆపేరు. ఎక్కడికని అడిగితే ఆఫీసుకండి అన్నారాయన. కుర్చీ వంకా నా వంకా చూసి, ఏటిగట్టు మీద ఆఫీసేమిటండీ అన్నాడు కానిస్టేబులు. “మా అమ్మాయిదండి. అక్కడే” అన్నారు మావయ్యగారు. వాడికేం అర్థమైందో, పొమ్మన్నాడు.

గట్టు మీద నీడ చూసి నాకు కుర్చీ వేసి, ఆయన ఏటి వైపు వాలులోకి దిగి, పడిపోయిన కొబ్బరి చెట్టు మొద్దు మీద కూచున్నారు, నాకు వీపు పెట్టి. ఓ ఇరవై అడుగుల దూరం. పొద్దున్నించి సాయంత్రం దాకా అలాగే. మధ్యాహ్నం క్యారేజీ ఆయనదక్కడ, నాదిక్కడ. రెండోరోజు నుంచి మా ఇంట్లో గట్టు పేరు ఆఫీసు అయిపోయింది.

అయిదోరోజు మా మేనేజరు ఫోను చేసేరు. ఇలా ఎన్నాళ్ళు నడుస్తుంది, సోమవారం నుంచి వచ్చెయ్యండి అన్నారు. చెప్పాల్సింది చాలా ఉంది, కానీ మావగారి వెనకాల నిలబడి గొంతెత్తడం మా ఇంట్లో ఎప్పుడూ లేదు. “ఆలోచించి చెప్తాను సార్” అని గొణిగేను. అది ఇంగ్లీషే, అయినా ఆ గొంతు ఎలాంటిదో ఆయనకి తెలిసిపోయింది. తల తిప్పకుండా ఏటి వైపే చూస్తూ అన్నారు:

“గట్టిగా చెప్పమ్మా. నేను వినడం లేదు.”

పెళ్ళైన ఆరేళ్ళకి ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అది. కుర్చీలోంచి లేచి చెప్పేను. రానన్నాను. నెట్టు లేని జిల్లాలో ఏటిగట్టు మీద ఎండలో కూచుని ఒక్క మీటింగూ తప్పలేదు, తప్పిన రోజున అడగండి అన్నాను. సరే, ఈ నెల చూద్దాం అన్నారు మేనేజరు. ఆ నెల ఇప్పటికి మూడేళ్ళైంది.

ఇంటికెళ్ళేక మావయ్యగారు అత్తయ్యగారితో, “ఇవాళ అమ్మాయి ఆఫీసులో బాగా మాట్లాడిందే” అన్నారు. వినని మనిషి! ఇక మీదట నా గది తలుపు వేసుంటే ఎవరూ కొట్టకూడదని అప్పుడే చెప్పేరు.

నెట్టు వచ్చింది, బస్సులు వచ్చేయి. సెంటర్లో బల్ల మీదకి మనుషులు ఒక్కొక్కరే జరిగేరు. మేమూ మా పద్ధతిలోకి వెళ్ళిపోయేం, ఆయన దగ్గు, నా చెంబు. ఆయనకి కృతజ్ఞత చెప్పమని అత్తయ్యగారికే చెప్పేను. చెప్పేరట. “ఆయ్” అన్నారట. ఇన్నేళ్ళలో ఆయన్ని ఒక్కసారి కూడా నోరారా మావయ్యగారూ అని పిలవలేదు. పిలవాల్సిన అవసరమే రానివ్వలేదాయన. ఇప్పుడది నన్ను కాల్చుకు తింటోంది.

పెద్దకర్మ అయ్యేక, మా ఆయన తిరిగి కువైట్ వెళ్ళిన మర్నాడు, మావయ్యగారి మోపెడ్డు మీద నేనే గట్టుకి వెళ్ళేను. బండి ఈ మధ్యనే నేర్చుకున్నాను. తోటలో పాకలోంచి కుర్చీ తెచ్చి పాత చోటే వేసుకున్నాను. కింద వాలులో ఆ మొద్దు అలాగే ఉంది. ఈ మూడేళ్ళూ తోటకొచ్చినప్పుడల్లా ఆయన కూచునే చోట బెరడు అరిగిపోయి నున్నగా అయింది. రాత్రి వానకి తడిసి, అక్కడొక్కచోటే మెరుస్తోంది.

కూచోలేకపోయేను. లేచి నిలబడి, “మావయ్యగారూ” అన్నాను. తర్వాత ఏం చెప్పేనో ఇక్కడ రాయను. గట్టిగానే చెప్పేను.